నేను నిలబడి బొమ్మ వేసిన చోటు

మొన్న మా ఇంట్లో గుమ్మాలకు చెద పడుతోందని వడ్రంగిని పిలిచాం. ఆయన డబ్బా మూత తీసి, పాత గుడ్డ ముంచి, చెక్కకు పట్టించడం మొదలుపెట్టాడు. వంటింట్లో ఉన్న నాకు ముందు వాసనే తగిలింది. జీడి నూనె. ఘాటుగా, కాస్త చేదుగా, ముక్కులోంచి గొంతు దాకా దిగే వాసన. స్టవ్ ఆపేసి వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాను. "కాస్త ఎడంగా కూర్చోండమ్మా, చేతికి అంటితే పొక్కులొస్తాయి" అన్నాడాయన. సరిగ్గా ఈ మాటే చిన్నప్పుడు కాకినాడ దగ్గరి ఉప్పాడ ఒడ్డున, బోర్లించిన నావ పక్కన నిలబడి విన్నాను. ఇక ఆ రోజంతా ఇంకో పని చెయ్యబుద్ధి కాలేదు. ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నవి ఇలా రాయడానికి కూర్చున్నాను.

అప్పట్లో ఒడ్డున ఉన్నవన్నీ చెక్క నావలే. ఫైబర్ పడవలు ఇంకా రాలేదు. మేకు అన్నది లేకుండా పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు కూడా అక్కడక్కడా కనిపించేవి. దుంగలు కట్టిన తెప్పలైతే ఎన్నో. వేట లేని రోజుల్లో నావను ఒడ్డు మీద బోర్లించి, ఎండనిచ్చి, జీడి నూనె పట్టించేవారు. ఆ పని చేసే తాత ఒకాయన ఉండేవాడు. చేతులకు గుడ్డలు చుట్టుకుని, పలకల సందుల్లోకి నూనె ఇంకేదాకా ఒక్కో జానా రుద్దుతూ పోయేవాడు. మేం పిల్లలం చుట్టూ మూగితే "దూరం జరగండర్రా, పొక్కుతుంది" అని కసిరేవాడు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయేదాన్ని. నూనె పడిన చోట చెక్క బూడిద రంగులోంచి నలుపుకు, నలుపులోంచి ఎర్రటి గోధుమరంగుకు మారడం చూస్తూ ఉండేదాన్ని. ఆ తాత పేరు నాకు ఎప్పుడూ తెలియదు. అందరికీ తాతే.

* * *

మా అమ్మమ్మ వాళ్ళది ఉప్పాడ. చేనేత కుటుంబం. కాకినాడలో బడి సెలవులివ్వగానే నన్నూ తమ్ముణ్ణీ బస్సెక్కించేసేవారు. చేత్తో పూలు ఎత్తి నేసే ఉప్పాడ జాందానీ చీరకు 2009లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, ఇప్పుడు ఆ పేరు అందరికీ తెలుసు. నేను చెప్పేది అంతకు చాలా ముందు మాట. తాతయ్య ఎక్కువగా నూలు చీరలు, పంచెలు నేసేవారు. చేతితో పూలు ఎత్తడం తెలిసిన పాతవాళ్ళలో ఆయనొకరు.

తెల్లవారుజామునే వీధి పొడవునా పడుగు, అంటే నిలువు దారాలు, పరిచేవారు. గంజి వాసన, కుంచె దువ్వుతున్న సర్రుమనే చప్పుడు. ఎండెక్కేలోపు అంతా చుట్టేసి లోపలికి తీసుకుపోయేవారు. ఆ తర్వాత ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. దాని వెనక ఎడతెగకుండా సముద్రపు హోరు. పగలు మగ్గాల చప్పుడుకు హోరు వినపడదు. మధ్యాహ్నం భోజనాలకు మగ్గాలన్నీ ఒకేసారి ఆగినప్పుడు గబుక్కున వినిపించేది. రాత్రి డాబా మీద పడుకుంటే తాతయ్య ఆ హోరు ఎటునుంచి వస్తోందో విని గాలి మారిందో లేదో చెప్పేవారు.

నాకు రంగులు నేర్పింది ఆయనే. ఆయన బొమ్మలు వేసే మనిషి కాదు. గళ్ళ కాగితం మీద పూల డిజైన్లు గీసేవారు, అంతే. సాయంత్రం పూట మగ్గం దిగి, నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంట పక్కన కాళ్ళు చాపుకుని, "వెళ్ళి సముద్రం చూసి రావే" అనేవారు. పరుగెత్తుకెళ్ళి వచ్చేదాన్ని.

"ఏ రంగులో ఉంది?"

"నీలం."

"నీలం అంటే ఏ నీలం? మన దగ్గర ఎన్ని నీలాలున్నాయి?"

ఈసారి చేతిలో రంగు నూలు చుట్టిన చిన్న చిన్న కండెలు పెట్టి పంపేవారు. నెమలికంఠం, పాలపిట్ట రంగు, మబ్బు రంగు, చిలకపచ్చ. నీళ్ళకు ఎదురుగా నిలబడి, ఒక కన్ను మూసి, కండెను చేయి చాచి పట్టుకుని చూసేదాన్ని. పొద్దున అసలు ఏ కండే కుదిరేది కాదు, ఎందుకంటే సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు, నీళ్ళన్నీ వెండి. మధ్యాహ్నం దాటి ఎండ మన వీపు మీదకు వచ్చాకే సముద్రానికి రంగు వస్తుంది. తూర్పు తీరంలో పుట్టినవాళ్ళు ఎవరైనా బొమ్మ వెయ్యాలంటే ముందు నేర్చుకోవలసింది ఇదే. నాకు పదేళ్ళు నిండకముందే ఆ కండెలు నేర్పాయి.

శ్రావణమాసంలో ఏదో పూజకని వెళ్ళినప్పుడు మాత్రం సముద్రం వేరుగా ఉండేది. ఒడ్డు దగ్గర నుంచి చాలా దూరం వరకు నీళ్ళు మట్టిరంగులో ఉండి, అక్కడెక్కడో మళ్ళీ పచ్చగా మొదలయ్యేవి. రెండు రంగులూ కలిసే చోట గీత కూడా కనిపించేది. నేను ఉల్లిపొర రంగు కండె తెచ్చి చూపిస్తే తాతయ్య తల ఊపి, "గోదారి దిగింది. కొండల మీద వాన పడింది, మట్టి మనకొచ్చింది" అనేవారు. మహారాష్ట్రలో ఎక్కడో కురిసిన వాన మా ఊరి సముద్రానికి రంగు వేసిందంటే నాకు చాలా గొప్పగా అనిపించేది. ఆ మాటలో ఇంకా ఎంత ఉందో అప్పటికి నాకు తెలియదు, ఆయనకూ తెలిసి ఉండదు.

* * *

ఇల్లు దాటితే నేతవాళ్ళ వీధులు, తర్వాత జాలరుల ఇళ్ళు, తర్వాత సరుగుడు తోపు, ఆ తర్వాత ఇసుక. ఆ ఇసుక గురించి ఇవాళ పిల్లలకు చెబితే నమ్మరు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా బయలుదేరితే ఒక్క పరుగులో నీళ్ళు చేరుకోలేకపోయేవాళ్ళం. తోపు నీడలో ఆగి, ఊపిరి పీల్చుకుని, ఆరేసిన వలల మీద కాలు పెట్టి, మళ్ళీ పరుగెత్తి, నావ నీడలో ఆగి, అప్పుడు నీళ్ళలోకి. దారిలో ఇసుక దిబ్బలు. వాటి మీద బాలబంది తీగ పాకి ఉండేది, లేత వంగపండు రంగు పూలతో. ఇంకా రావణాసురుడి మీసాలు. గరుకు ముళ్ళతో గుండ్రంగా, దోసెడంత ఉండే ఆ గింజల బంతులు ఎండిపోయి, కాడ నుంచి ఊడి, గాలికి ముళ్ళ మొనల మీద నిలబడి దొర్లుకుంటూ పోతాయి. వాటిని పట్టుకోవడమే మా ఆట. వేగంగా వెళ్ళి హఠాత్తుగా ఆగుతాయి. చెయ్యి వెయ్యబోయేసరికి మళ్ళీ లేస్తాయి. పట్టుకున్నా గుచ్చుకుంటాయి, వదిలేస్తాం. ఆ గడ్డీ ఆ తీగా కలిసి దిబ్బను పట్టి ఉంచుతాయనీ, అవి పోతే దిబ్బ పోతుందనీ తర్వాతెప్పుడో చదివాను.

అలివి వల లాగే రోజు ఊరంతా అక్కడే. వల తీసుకుని నావ సముద్రంలోకి వెళ్ళి అరచందమామ ఆకారంలో చుట్టి వస్తే, రెండు కొసలూ ఒడ్డున రెండు జట్లు పట్టుకునేవి. "హైలెస్సా" అని ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు పలికేవారు. రెండు జట్లూ లాగుతూ లాగుతూ ఒకరి దగ్గరికి ఒకరు జరిగేవారు. తాడు చివర పట్టుకోవడానికి మమ్మల్నీ రానిచ్చేవారు. కవళ్ళు, కానగర్తలు, బెత్తెడు వెడల్పున మెరిసే సావిళ్ళు. వల ఒడ్డుకు చేరిన క్షణంలో ఆ వెండి రంగుకు దగ్గర వచ్చే కండె తాతయ్య బుట్టలో లేదు. జరీ చూపించినా కుదరలేదు.

ఇప్పుడు అలివి వల వెయ్యాలంటే జట్లు నిలబడి లాగడానికి వెడల్పాటి ఇసుక కావాలి. రాళ్ళ గుట్టల మీద నిలబడి ఎవరూ వల లాగలేరు. ఒడ్డు పోతే దానితోపాటు పోయేవి ఇలాంటివి. ఇవి ఏ నష్టపరిహారం జాబితాలోనూ ఉండవు.

* * *

కాకినాడలో హైస్కూలుకు వచ్చాక మాకు ఒక డ్రాయింగ్ మాస్టారు దొరికారు. డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసుకుంటానంటే ఒప్పుకోని మనిషి. ఒకసారి మమ్మల్ని కొంతమందిని రాజమండ్రి తీసుకెళ్ళి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూపించారు. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడాయన, ఇరవై ఎనిమిదేళ్ళైనా నిండకుండానే. అంత తక్కువ బతుకులో అన్ని బొమ్మలు ఎలా వేశాడా అని నేను నిర్ఘాంతపోయాను. ఇంగ్లండ్ నుంచి వచ్చి రాజమండ్రి కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్న కూల్డ్రే ఆయన్ని గుర్తించి ప్రోత్సహించిన సంగతి మాస్టారు కథగా చెప్పారు. అందరూ మనుషుల బొమ్మల దగ్గర ఆగితే, నేను గోదావరి ప్రాంతపు నీటిరంగుల చిత్రాల దగ్గర ఆగాను. మన ఊళ్ళ వెలుతురు, మన నీళ్ళు కాగితం మీదకు రావచ్చని నాకు అక్కడే తెలిసింది. అంతవరకు ప్రకృతి దృశ్యం అంటే క్యాలెండర్ల మీది మంచు కొండలే.

మాస్టారు ఒక అలవాటు చేయించారు. బయట వేసిన ప్రతి బొమ్మ వెనకా రాయాలి: ఎక్కడ నిలబడ్డావు, ఎటు తిరిగి ఉన్నావు, ఏ తేదీ, ఎన్ని గంటలు, గాలి ఎటు. సముద్రం దగ్గరైతే పోటా పాటా, అంటే నీళ్ళు ఎక్కుతున్నాయా దిగుతున్నాయా అన్నది కూడా. "బొమ్మ బాగుందా లేదా అన్నది నలుగురూ చెబుతారు. నువ్వెక్కడ నిలబడ్డావో నువ్వే చెప్పాలి" అనేవారు. అప్పుడు విసుగ్గా ఉండేది. మార్కులు పోతాయని రాసేదాన్ని. తర్వాత రాయకుండా ఉండలేకపోయాను. "సరుగుడు తోపు చివర, మూడో నావ పక్కన, ఆగ్నేయం వైపు తిరిగి, పాటు." ఇలాంటివి నా దగ్గర అట్టపెట్టెల నిండా ఉన్నాయి.

* * *

నేను కూడా డ్రాయింగ్ టీచర్నే అయ్యాను. ఆదివారం వస్తే కాకినాడలో ఉప్పాడ బస్సు ఎక్కడమే. ఊరు దాటి బీచ్ రోడ్డు పట్టాక కుడివైపు సీటు కోసం పోటీ. కాస్త దూరం సరుగుడు తోపులు, మధ్యమధ్య సముద్రం, తర్వాత రొయ్యల హేచరీలు. కండక్టర్ నా అట్టను చూసి "బొమ్మల మేడమ్ గారికి కిటికీ ఇవ్వండి" అనేవాడు.

సముద్రం దగ్గర నీటిరంగులు వెయ్యడం ఒక కుస్తీ. నాలుగు మూలలా బట్టల క్లిప్పులు పెట్టినా కాగితం ఎగురుతుంది. తడి రంగు మీద ఇసుక వచ్చి వాలుతుంది, ఆరాక గీకితే కాగితం లేస్తుంది, అందుకని వదిలేసేదాన్ని. మంచినీళ్ళు అయిపోయినప్పుడు ఒకసారి సముద్రపు నీళ్ళతోనే ఇండిగో కలిపాను. ఆరాక రంగులో తెల్లటి చుక్కలు పూశాయి, ఉప్పు పేరుకున్న చోటల్లా. చాలా అందంగా వచ్చింది. ఆ తర్వాత కావాలనే అలా వేసేదాన్ని. ఆ బొమ్మలకు ఒక గుణం ఉంది. వానాకాలం వచ్చిందంటే ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కాగితం చల్లగా మెత్తబడుతుంది. ఎండాకాలంలో మళ్ళీ బిర్రుగా అవుతుంది. ఇప్పటికీ అంతే. ఎప్పుడో గిన్నెలో పట్టుకొచ్చిన సముద్రం ఇంకా ఆ కాగితాల్లో పనిచేస్తూనే ఉంది.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడలో ఉన్నాను. ఆ గాలి గురించి ఇక్కడివాళ్ళకు నేను కొత్తగా చెప్పేది ఏమీ లేదు. తలుపుకు బల్ల అడ్డం పెట్టి అందరం వీపులు ఆనించి కూర్చున్నాం. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. వేటకెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎందరో. కోనసీమలో కొబ్బరితోటలు తోటలుగా పడిపోయాయి. కొన్నాళ్ళకు ఒడ్డుకు వెళ్ళినప్పుడు ఆడవాళ్ళు ఇసుకలో కూర్చుని నీళ్ళ వైపు చూస్తూ ఉన్నారు. సంచిలోంచి అట్ట బయటికి తీయలేదు. ఆ పక్కనే నేనూ కూర్చుని, చీకటి పడ్డాక ఇంటికి వచ్చేశాను.

అమ్మమ్మ ఇంట్లో మార్పు మాత్రం తుఫానుతో రాలేదు, మెల్లగా వచ్చింది. మగ్గం గుంటలో వానాకాలం తడి ఊరడం మామూలే. గోనెపట్టా వేసి, గుంటను ఆరబెట్టి మళ్ళీ కూర్చునేవారు. ఒక ఏడాది ఆ తడి సంక్రాంతి దాటినా పోలేదు. తాతయ్య గుంటలోకి వంగి, అడుగున వేలితో రాసి, నాలుక మీద పెట్టుకున్నారు. "ఉప్పు" అన్నారు. ఇంకేమీ అనలేదు. లేచి చెయ్యి కడుక్కుని, కండెల బుట్ట తీసి అటక మీద పెట్టారు. అమ్మమ్మ మాత్రం వారం పాటు అదే మాట ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. బావి నీళ్ళతో పప్పు ఉడకడం లేదని ఆవిడ ఎప్పటినుంచో గొణుగుతూనే ఉంది, మేమే పట్టించుకోలేదు.

* * *

నేను బొమ్మ వేస్తూ నిలబడే చోట్లు వెనక్కి జరగడం మొదలైంది. మొదట సరుగుడు తోపు చివరి వరుస పోయింది. వేళ్ళు బయటపడి, చెట్లు సముద్రం వైపు ఒరిగి, తలలు నీళ్ళలో పెట్టి పడి ఉండేవి. తర్వాత తోపే పోయింది. తర్వాత జాలరుల ఇళ్ళ ముందు వరుస. సగం గది నిలబడి, మిగతా సగం లేక, లోపలి గోడ మీది నీలం సున్నం, మేకుకు తగిలించిన దేవుడి పటం గుర్తు, సామాన్ల అరలు అన్నీ సముద్రానికి కనిపిస్తూ ఉండేవి. రోడ్డు ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు మళ్ళీ వేశారో. ఇసుక నింపిన పెద్ద పెద్ద జియోట్యూబులు పరిచి, పైన రాళ్ళు పేర్చారు. కొన్నాళ్ళు ఆగింది. తర్వాత అలలు వాటినీ చీల్చి, కిందినుంచి తొలిచి వచ్చాయి. గాలివాన రోజుల్లో నీళ్ళు గోడ దాటి రోడ్డు మీద పడుతుంటే బస్సులు ఆపేసేవారు.

అన్నిటికంటే నన్ను పట్టి నిలబెట్టింది ఒక బావి. ఒకప్పుడు ఇళ్ళ మధ్యలో ఉండేది. చుట్టూ నేల కోసుకుపోయాక సిమెంటు ఒరలు మాత్రం మిగిలాయి, ఒకదాని మీద ఒకటి, మనిషికంటే ఎత్తున, అలల మధ్య. నేల లోపల ఉండవలసినది ఆకాశంలో నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి చూశాను. ఒరల బయటి వైపు ఏనాటిదో ఎర్రమట్టి ఇంకా అంటుకుని ఉంది. పై ఒర అంచు మీద చేదతాడు రాసుకుని రాసుకుని పడిన గాళ్ళు. వేలు పెడితే సరిగ్గా పట్టింది, నున్నగా ఉంది. ఎన్ని చేతులు, ఎన్ని బిందెలు! ఆ గాళ్ళను దగ్గర నుంచి పెద్దగా వేశాను, సముద్రం లేకుండా, ఆకాశం లేకుండా. నా బొమ్మలన్నిటిలో అది నాకు ఇష్టమైనది. ఆ తర్వాత వాయుగుండం వెళ్ళాక చూస్తే ఒరలు లేవు.

ఉప్పాడ బంగారం గురించి టీవీలో చూసే ఉంటారు. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత ఒడ్డున బంగారు రేణువులు దొరుకుతున్నాయని జనం దువ్వెనలు, పుల్లలు పట్టుకుని ఇసుక గాలించారు. వార్తల్లో వింతగా చూపించారు. అక్కడ వింతేమీ లేదు. పాత గుళ్ళు, పాత ఇళ్ళు ఎన్నో సముద్రంలో కలిసిన ఊరు అది. అప్పటి గోడల్లో, గుంతల్లో, గుడి పునాదుల్లో ఉన్నవే అలలు మళ్ళీ తెచ్చి పడేస్తాయని ఊళ్ళో పెద్దవాళ్ళు చెబుతారు. మునిగిపోయిన తమ ఊరినే వాళ్ళు చిటికెడు చిటికెడు ఏరుకుంటున్నారు. ఒక ముసలమ్మ అరచెయ్యి తెరిచి చూపించింది. గింజంత కూడా లేదు, ఆవగింజలో సగం. "ఎవరి ముక్కుపుడకో తల్లీ" అంది. ఆ చెయ్యి బొమ్మ వేసుకోవచ్చా అని అడిగితే కూర్చుంది. వేస్తున్నంతసేపూ పిడికిలి మూయకుండా, గాలికి ఆ రేణువు ఎగరకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

* * *

కొన్నేళ్ళ కిందట ఆ బొమ్మలన్నీ ఒక హాల్లో పెట్టాను. జియాలజీ చెప్పే లెక్చరర్ ఒకావిడ వచ్చి, బొమ్మల ముందు కాసేపు తిరిగి, "వీటి వెనక ఏమైనా రాశారా?" అని అడిగింది. రాశానంటే ఒక్కొక్కటీ తిప్పించి చదివింది. పోటు, పాటు, గాలి అన్నీ తన నోట్‌బుక్‌లో ఎక్కించుకుంది. మా మాస్టారు అప్పటికి లేరు. ఉండి ఉంటే ఆయన్ని ఆ హాలుకు చేయి పట్టి తీసుకొచ్చేదాన్ని.

శ్రావణంలో వేసిన ఒక పాత బొమ్మ దగ్గర ఆవిడ చాలాసేపు ఆగింది. అందులో మట్టిరంగు నీళ్ళ పట్టీ ఉంది, తాతయ్య "గోదారి దిగింది" అన్న రంగు. "మీ ఒడ్డు ఇదేనండీ" అని ఆ పట్టీ మీద వేలు పెట్టింది. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. తీరంలో ఇసుక ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. అలలు, ప్రవాహాలు మొత్తం మీద మన తీరం వెంట ఇసుకను ఉత్తరానికి నడిపిస్తాయి. పోయిన ఇసుక స్థానంలోకి నది కొత్తది తెచ్చి పోస్తూ ఉంటేనే ఒడ్డు ఒడ్డుగా ఉంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు లెక్క కట్టారట. 1970 నుంచి 1979 మధ్య గోదావరి ఏడాదికి 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000 తర్వాతి సంవత్సరాలకు అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. మిగతాది ఎగువన ఆనకట్టల వెనక ఆగిపోతోంది. కృష్ణదైతే ఇంకా ఘోరం, 1960ల చివర ఉన్న 90 లక్షల టన్నుల నుంచి 4 లక్షలకు. 1965కీ 2008కీ మధ్య కృష్ణా గోదావరి డెల్టాల తీరం నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేలను పోగొట్టుకుంది.

ఉప్పాడకు ఇంకో చిక్కు ఉంది. గోదావరి ఇసుకే పేరుకుని, రెండు వందల ఏళ్ళుగా ఉత్తరానికి పెరుగుతూ, పదహారు కిలోమీటర్ల హోప్ ఐలాండ్ అయింది. కాకినాడకు అది చేయి అడ్డం పెట్టినట్టు కాపలా కాస్తుంది, అందుకే రేవులో నీళ్ళు అంత నెమ్మదిగా ఉంటాయి. ఆ చేతి వేళ్ళు దాటిన చోట మా ఊరు ఉంది. ఇసుక దారిలోనే ఆగిపోతుంది, అలల బలం మాత్రం వచ్చి ఇక్కడ పడుతుంది. దీనికి తోడు సముద్రమట్టం. ప్రపంచమంతా సగటున 1901 నుంచి 2018 లోపు 20 సెంటీమీటర్లు పెరిగింది. మొదట్లో మెల్లగా, ఈ మధ్య ఏడాదికి మూడున్నర మిల్లీమీటర్లకు పైగా. భూమి వేడెక్కి నీళ్ళు వ్యాకోచిస్తున్నాయి, మంచు కరిగి వచ్చి కలుస్తోంది. "మిల్లీమీటర్లేగా అనుకుంటారు. చదునైన ఒడ్డు మీద అవి మీటర్లయిపోతాయి" అంది ఆవిడ.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు ఊళ్ళో అందరూ గంగమ్మకు కోపం వచ్చిందనే అనేవారు, ఒడ్డున పసుపు కుంకుమలు చల్లేవారు. నేనూ సముద్రాన్నే తిట్టుకున్నాను చాలాసార్లు. తాతయ్య నా చేత సరిపోల్పించిన ఆ ఉల్లిపొర రంగే మా తోపు, మా దిబ్బలు, మేం పరుగెత్తిన ఇసుక అని అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత నేను సముద్రం బొమ్మలు తగ్గించి నది బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాను. ధవళేశ్వరం దగ్గర, యానాం దగ్గర, కోరంగి మడ అడవుల్లో. మడ చెట్ల ఊపిరి వేళ్ళ మధ్య బురద ఎలా ఆగుతుందో పాటు సమయంలో కూర్చుని చూస్తే తెలుస్తుంది. ఒక్కో వేరు చుట్టూ చిటికెడు. ఎవరైనా ఒడ్డును కాపాడటం అంటే ఏమిటని అడిగితే నేను ముందు ఆ బురద చూపిస్తాను, రాళ్ళ గోడ తర్వాత చూపిస్తాను.

* * *

జాలరిపేటలో నేను అత్తా అని పిలిచే ఆవిడ ఉంది. చిన్నప్పుడు ఎండు నెత్తళ్ళు గుప్పెడు పెట్టి పంపేది. వాళ్ళ ఇల్లు పోయాక నా దగ్గరికి వచ్చి, "నీ బొమ్మలో మా ఇల్లుందటగా. వెనకాల తేదీ కూడా వేశావంట. అది చూపిస్తే మాకిక్కడ స్థలం ఉండేదని ఒప్పుకోరా?" అని అడిగింది. నేనే వెంట ఆఫీసుకు వెళ్ళాను. బొమ్మలు చెల్లవన్నారు. వాళ్ళ రూల్స్ వాళ్ళవి. అత్త మాత్రం బయటికి వచ్చాక ఆ బొమ్మను చెట్టు కింద కూర్చుని మళ్ళీ చూసింది. "గుమ్మం ఇటు కాదే, అటు. పొయ్యి బయట ఉండేది. ఇక్కడ మా ఆయన కూర్చునేవాడు" అని ఒక్కొక్కటీ చెప్పింది. పెన్సిల్ తీసి అక్కడికక్కడే దిద్దాను.

అప్పటినుంచి ఇదే పని పెట్టుకున్నాను. పోయిన ఇళ్ళను వాళ్ళు చెబుతుంటే వేస్తాను. ఒకరి ఇల్లు వేస్తుంటే పక్కింటివాళ్ళు వచ్చి చేరతారు, వాదులాడుకుంటారు. గోడ ఎక్కడిదాకా ఉండేది, వేపచెట్టు ఎవరి హద్దులోది, కోళ్ళగూడు ఎటు తిరిగి ఉండేది. వెయ్యడం అయ్యాక వెనక రాస్తాను, మాస్టారు చెప్పినట్టే. నిలబడిన చోటు అన్న దగ్గర ఇప్పుడు రాయడానికి నేల లేదు కాబట్టి, ఎవరు చెబితే వేశానో వాళ్ళ పేరు రాస్తున్నాను.

వడ్రంగి పని ముగించి వెళ్ళిన సాయంత్రం అత్తకు ఫోన్ చేశాను, నావలకు జీడి నూనె పూసే తాత పేరేమిటని అడుగుదామని. ఆవిడకూ గుర్తు లేదు, కనుక్కుని చెబుతానంది. తర్వాత గొంతు పెంచింది. "అది సరే గానీ, మొన్న మా ఆడపడుచు ఇల్లు వేసి ఇచ్చావుగా, వెనకాల మునగచెట్టేదే? ఊరంతా ఆ చెట్టు కాయలే తినేది! ఈసారొచ్చినప్పుడు పెన్సిల్ తెచ్చుకో, నేను దగ్గరుండి వేయిస్తా."